దమ్ము పొలంలో కొత్త ఆల్బమ్

మా బ్యాండులో ముగ్గురం. పాడేది నేను, ఉండేది జనగామ. గిటారు వాయించేవాడు మహబూబాబాద్‌లో లెక్కల సారు. డ్రమ్స్ వాడిది భూపాలపల్లి, బొగ్గుబాయిలో పని. కాలేజీ అయ్యాక ఒక ఆల్బమ్ చేశాం. చుట్టాలందరూ మస్తుందన్నారు గానీ ఒక్కరికీ ఒక్క లైనూ గుర్తులేదు. తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు, షిఫ్టులు. పదేళ్లపాటు బ్యాండు అటకెక్కింది.

కిందటేడు మళ్లీ కూడి అయిదు పాటలు చేశాం. తీరా విడుదల చేద్దామంటే డ్రమ్స్ వాడు మెలిక పెట్టాడు.

"చుట్టాలను నమ్మద్దురా. ముక్కు మొకం తెల్వనోళ్లు ఒక్కరన్న మన పాట కావాలని ఇనాలె. లేకుంటే ఆల్బమూ వద్దు, నేనూ రాను."

వాడు లేకపోతే బ్యాండు లేదు. ఇక నేను బాత్రూంలో పాడుకోవాల్సిందే. అది తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

అబద్ధమాడని శ్రోత ఎవరా అని వెతికితే ట్రాక్టర్ డ్రైవరు తేలాడు. నీళ్లు పెట్టిన మడిని దున్ని దమ్ము చేసేటప్పుడు పొలమంతా అదిరేలా పాటలు పెడతాడు, నచ్చకపోతే మొహమాటం లేకుండా మారుస్తాడు. నర్మెట్ట దగ్గర నాట్ల కోసం దమ్ము చేస్తున్న ఒకతనికి, మావని చెప్పకుండా, మూడు పాటలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి గట్టు మీద కూర్చున్నాం. ఇస్త్రీ ప్యాంట్లలో ముగ్గురం పొలం వైపే చూస్తూ కూర్చునేసరికి అతనికి అనుమానమొచ్చింది.

"ఈ భూమి అమ్మరు సార్. ఉట్టిగ ఎండల కూసోకుండ్రి," అన్నాడు. రియలెస్టేటు వాళ్లమనుకున్నాడు.

మొదటి పాట. గిటారు ఇంకా సర్దుకుంటుండగానే మార్చేశాడు. లెక్కల సారు గట్టు మీది గడ్డి పీకడం మొదలుపెట్టాడు. రెండోది సరిగ్గా నా గొంతు వినపడగానే మార్చాడు. ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపం పోలేదు.

మూడో పాట మొదలైంది. పల్లవి అయింది, చరణాలయ్యాయి, పాటే అయిపోయింది. మళ్లీ అదే మొదలైంది! ఒకరినొకరం కావలించుకున్నాం. తీరా చూస్తే సీట్లో డ్రైవరు లేడు. వెనక చక్రాలు బురదలో దిగబడితే, కిందికి దిగి వాటికి కట్టెలు అడ్డం పెడుతున్నాడు. ఆ ప్లేయరుకేమో చివరి పాటనే తిప్పి తిప్పి పాడే జబ్బుందట.

"చూస్తరేంది సార్, జర చెయ్యేయుండ్రి!"

దిగాం. అతనెక్కి రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. మోకాటి లోతు బురదలో, మా పాట వింటూ మేమే ట్రాక్టర్ నెట్టాం. నాలుగోసారి పాట నడుస్తుండగా బండి గట్టు పక్కకు చేరింది. చేతులు ఖాళీ కాగానే డ్రైవరు చేసిన మొదటి పని పాట తీసేయడం.

డ్రమ్స్ వాడు చెప్పులు వెతుక్కోసాగాడు. ఇక నాకు బాత్రూమే గతి.

పక్క మడిలో నారు పీకుతున్న ఆడవాళ్లలోంచి ఒక అవ్వ నడుం పట్టుకుని లేచింది.

"ఓ పిలగా, గా పాటెందుకు తీసినవ్? ఇప్పుడిప్పుడే నోట్లకొస్తాంది. పెట్టు మల్ల!"

డ్రైవరు గొణుక్కుంటూ పెట్టాడు. డ్రమ్స్ వాడు చెప్పులు కింద పడేశాడు. కళ్లు తుడుచుకోబోయి మొహమంతా బురద పూసుకున్నాడు. "ఇడుద్దాంరా ఆల్బమ్," అని, ఆగలేక ట్రాక్టర్ మడ్‌గార్డు మీద రెండు చేతులా దరువందుకున్నాడు.

అవ్వ కసిరింది.

"సప్పుడు జెయ్యకు సారూ, పాట ఇననియ్యి!"