చందర్లపాడు సభలో చప్పట్లు

1966 ఫిబ్రవరిలో నన్ను నందిగామ పంచాయతీ సమితికి సాంఘిక విద్యా విస్తరణాధికారిగా వేశారు. పేరు పెద్దదే కాని హోదా చిన్నది. బి.డి.ఓ. గారి కింద పనిచేసే విస్తరణాధికారుల్లో ఒకణ్ణి. వ్యవసాయం చూసే ఆయన చేతిలో ఎరువులు, విత్తనాలు ఉండేవి. నా చేతిలో సభలు, ఊరి రేడియోలు, వయోజనుల బడులు.

పాకిస్తాన్‌తో యుద్ధం ఆగి కొన్ని నెలలే అయింది. యుద్ధం గురించి మతాలు ఏం చెబుతున్నాయో జనానికి వినిపిస్తూ చందర్లపాడు బడిలో ఒక సభ పెట్టమన్నారు బి.డి.ఓ. గారు. నందిగామ నుంచి ఒక శాస్త్రిగారిని, జగ్గయ్యపేట నుంచి ఒక మౌల్వీగారిని, చందర్లపాడు చర్చి పాస్టరుగారిని పిలిచాను. ఆఖరి వక్త ప్రకాశం. ఆ చర్చికే వెళ్లే కూలి కుటుంబంలోవాడు, సెలవు మీద వచ్చిన జవాను.

మధ్యాహ్నం మూడింటికి హాలు నిండింది. ఆయుధం కింద పెట్టినవాణ్ణి, శరణన్నవాణ్ణి చంపితే అది యుద్ధం కాదు, హత్య అన్నారు శాస్త్రిగారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను ముట్టకూడదనీ, శత్రువు తోటలో పండ్లచెట్టును కూడా నరకకూడదనీ మౌల్వీగారు చెప్పారు. పాస్టరుగారు కాస్త తటపటాయించారు. శత్రువును ప్రేమించమన్న ప్రభువు పేరుతో తాను యుద్ధాన్ని దీవించలేననీ, దేశాన్ని కాపాడుకోక తప్పని రోజున కూడా మనసులో పగ ఉండకూడదనీ అన్నారు. జనం అన్నిటికీ తలలూపారు. సభ బాగా సాగుతోందని నాకు తృప్తిగా ఉంది.

ప్రకాశం కోసం నేను ఒక పేజీ ఉపన్యాసం రాసిచ్చాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అవతలోడు ఒకడు చేతులెత్తి కందకంలోంచి బయటికొచ్చాడండి. నేను చూశా. చూసే కాల్చా. ముందురోజు అట్టాగే చేతులెత్తినోడు మా పైవాణ్ణి, నాయక్‌ని చంపాడు. నాకు భయమేసింది. కానీ వీడి దగ్గర ఏమీ లేదండి. తర్వాత వెతికితే తెలిసింది."

వెనక వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. ప్రకాశం మొహం పాలిపోయింది. అది చూస్తున్న నాకు నేను కూడా చప్పట్లు కొడుతున్నానని తెలిసి, చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

ఆడవాళ్ల వైపు నుంచి అతని తల్లి లేచింది.

"ఎందుకయ్యా కొడుతున్నారు? వచ్చినకాడ్నించి వాడికి ముద్ద దిగట్లేదు!"

చప్పట్లు ఆగాయి. శాస్త్రిగారు, మౌల్వీగారు తలలు దించుకున్నారు. పాస్టరుగారు లేచి ప్రకాశం భుజం మీద చెయ్యి వేశారు.

"నీ భయం నాకర్థమైంది నాయనా. కాని చేసింది ఒప్పని మాత్రం చెప్పలేను."

"తప్పన్న మాట ఎవరూ అనట్లేదండి అయ్యగారూ," అంటూ అతను ఏడ్చాడు.

పది రోజులకు అతను తిరిగి పటాలానికి వెళ్లిపోయాడు. తర్వాతి సంగతి నాకు తెలియదు.

ప్రతి సభకూ మూడు ప్రతుల్లో నివేదిక పంపాలి. చేతులెత్తినవాణ్ణి కాల్చాడన్న మాట పైకి వెళితే అతనికేమవుతుందోనని, "జవాను తన అనుభవములు చెప్పెను" అని మాత్రం రాశాను. సభికుల స్పందన రాయవలసిన గడి ఖాళీగా వదిలేశాను. ముగ్గురు చెప్పిన ధర్మానికి తలలూపినవాళ్లమే, గంట తిరక్కుండా అది తప్పినందుకు చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత నా సర్వీసులో ఏ నివేదికలోనూ, ఆ గడిలో అందరూ మామూలుగా రాసే "సభికులు విషయమును గ్రహించిరి" అన్న వాక్యం రాయలేదు. ఎంతమంది వచ్చారో మాత్రం రాసేవాణ్ణి.