ట్రాక్ గొంతు

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. జనగామలో ఒక సంగీత దర్శకుడి సంతాప సభకు పోయి కూర్చుంటే, పోయినాయనవి చారెడు కాదు, చెరువంత అయ్యాయి. నాట్ల పాటకు రాక్ గిటారు, డ్రమ్స్ జోడించి రికార్డు చేసి ఊరూరా డీజేల్లో మోగించిన మొదటి మనిషట. పల్లె గుండెను విన్న చెవి అట. దండేసిన ఫొటో ముందు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆ చెవిని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఆయన మీద ప్రేమతో పోలేదు. మా అమ్మ గొంతు కోసం పోయాను.

దంతాలపల్లి దగ్గర మా పొలంలో నాట్లేస్తూ అమ్మ పాడుతుంటే విని, ఆయనే కారు పంపి జనగామలో తన రికార్డింగు గదికి రప్పించుకున్నాడు. నేనూ మా నాన్నా తోడు వెళ్లాం. వాళ్లిద్దర్నీ నేను అవ్వా, బాపూ అనే పిలిచేదాన్ని. "అవ్వా, జర మళ్ల పాడు" అంటూ పొద్దుగూకేదాకా పాడించాడు. పాట ఆమెదే, బాణీ ఆమెదే. కానీ ఆమెతో పాడించింది ట్రాక్ మాత్రమే. అంటే, అసలు గాయని విని నేర్చుకోవడానికి ముందుగా పాడి పెట్టే గొంతు. గాయని పాడాక దాన్ని తుడిచేస్తారు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. పాట బయటికొచ్చాక మహబూబాబాద్ బస్టాండులో ఒక ఆటోలో మోగుతుంటే పరుగున పోయి విన్నాం. ఎవరో పిల్ల పాడింది. పాట సగంలో ఉండగానే ఆటో వెళ్లిపోయింది. అమ్మ, "మంచిగనే పాడింది తియ్ పోరి" అంది. ఆ తర్వాత నాట్లలో ఆ పాట మళ్లీ ఎత్తలేదు.

అమ్మ పోయాక చూసుకుంటే, ఆమె గొంతు మా ఏ ఫోనులోనూ లేదు. నా భర్తకు చెల్పూరు కరెంటు ప్లాంటులో ఉద్యోగం. బాపును కూడా భూపాలపల్లికి మా దగ్గరికే తెచ్చుకున్నాను. మా వీధిలో పెళ్లి బరాత్ పోతూ ఆ పాట పెడితే చాలు, చివర్లో "ఓ... హోయ్" అన్న కూత రాగానే బాపు లేచి చెప్పులు వెతుక్కునేవాడు.

"మీ అవ్వ పిలుస్తున్నది బిడ్డా."

"అవ్వ ఏడిది బాపూ, గది పాట. కూసో."

మతి తప్పుతోందేమోనని నాకు భయం వేసేది.

సభ మొదలుకాక ముందే ఆయన శిష్యుణ్ణి పట్టుకున్నాను. ఇప్పుడు ఆ రికార్డింగు గదిని నడిపేది అతనే. "తమ్మీ, మా అవ్వ పాడిన ట్రాక్ ఉంటె ఇయ్యి. నాకు ఇంకేం వద్దు" అన్నాను.

"ట్రాక్‌లు ఎవలు దాస్తరక్కా? గప్పుడే తుడిచేసినం" అన్నాడు, దండలు సర్దుకుంటూ.

అదే మనిషి కాసేపటికి వేదికెక్కి, "సార్ సంతకం ఇనుండ్రి" అని గిటారు, డ్రమ్స్ తీసేసి ఆ కూత ఒక్కటే వినిపించాడు. ఓ... హోయ్. వెనకాల గాజుల చప్పుడు. అది మా అమ్మ గొంతే. మొగుడి పేరు నోట పలకని తరం మా అమ్మది. గట్టు అవతల ఉన్న బాపును పిలవాలంటే ఆమెకు ఆ కూతే. ఆ రోజు పాడి పాడి అలిసిపోయి, పాట అయిపోగానే, మైకు ఇంకా నడుస్తుండగానే, కింద టీ కొట్టు దగ్గర కూర్చున్న బాపును ఇంటికి పోదాం రమ్మని కిటికీలోంచి పిలిచింది. అది పాటలోది కానే కాదు. అమ్మ పాటంతా తుడిచేసి, ఆ ఒక్క పిలుపును తెచ్చి వేరే పిల్ల గొంతు చివర అతికించాడు మహానుభావుడు. ఇన్నేళ్లూ డ్రమ్స్ మోతలో నాకు తెలియలేదు. బాపుకు మొదటి రోజే తెలిసింది.

"గది మా అవ్వ గొంతు! మా బాపును పిలిచింది!" అని లేచి అరిచాను.

"గట్లనకక్కా, గది సార్ బుర్రల పుట్టింది" అన్నాడు శిష్యుడు మైకులోనే. ఎవరో నా భుజం పట్టి కూర్చోబెట్టి నీళ్ల సీసా చేతికిచ్చారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! సభ అయ్యాక, ఆ కూతన్నా నా ఫోన్లో వెయ్యమని బతిమాలాను. "సార్ ఆస్తి అక్కా, బయటికియ్యం" అన్నాడు.

మొన్న మా వీధిలో మళ్లీ బరాత్ వచ్చింది. పాట చివరికి రాగానే బాపు లేచాడు. "మీ అవ్వ పిలుస్తున్నది."

ఈసారి కూర్చోమనలేదు. "అవును బాపూ, అవ్వనే" అని చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. గేటు దాకా పోయి, లైట్ల కింద ఎగురుతున్న వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసి, నా వైపు తిరిగాడు.

"ఏడున్నది బిడ్డా?"