చెప్పని చప్పుడు

పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో అతన్ని అందరూ నెమ్మదయ్య అనేవారు. అంచుకు అంచు కలిస్తే తప్ప దుప్పటి మడత పెట్టేవాడు కాదు. పక్కనే బట్టలు పిండే యంత్రం నడిపే మీసాలాయన, "ఏం బావా, దుప్పటికి పెళ్లిచూపులా?" అని ఆటపట్టించేవాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే.

నెమ్మదయ్యకు ఇరవై ఆరో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నట్టు వినిపించేది. "మీకు వినపడటం లేదూ?" అని ఇంట్లోవాళ్లనీ దారినపోయేవాళ్లనీ నిలదీసేవాడు. తర్వాత మందులు పనిచేశాయి. గొంతులు ఆగిపోయి పదకొండేళ్లయింది.

గొంతులు పోయినా అతనికి తనమీద నమ్మకం తిరిగి రాలేదు. చెల్లెలింట్లో ఉంటూ కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాడు. ఎవరూ పెట్టుకోమనలేదు. మేనకోడలు ఒళ్లోకి ఎక్కబోతే లేచి నిలబడేవాడు. చెల్లెలు ఒక సంబంధం తెస్తే, "చిల్లికుండను ఎవరి నెత్తిన పెడతావమ్మా?" అని తనే తిప్పి పంపాడు.

లాండ్రీలో అతని జబ్బు సంగతి సూపర్‌వైజరుకు తప్ప ఎవరికీ తెలియదు. తలుపు అవతల ఆ సూపర్‌వైజరు అడుగుల చప్పుడు ముందుగా పసిగట్టేది నెమ్మదయ్యే. "నీవి పాముచెవులు బావా" అని మీసాలాయన మెచ్చుకునేవాడు.

ఒక సోమవారం పిండే యంత్రంలోంచి సన్నగా కిర్రుమని వినిపించింది. చుట్టుకొకసారి కిర్రు. నెమ్మదయ్య చేతిలో దుప్పటి ఆగిపోయింది. చుట్టూ చూశాడు. ఎవరి పని వారిదే, ఒక్కరూ తలెత్తలేదు. 'మళ్లీ మొదలైంది' అనుకున్నాడు. నోటిదాకా వచ్చిన పాత ప్రశ్నను మింగేశాడు.

గది దాటి బయటికొస్తే ఆ చప్పుడు వినపడలేదు. తలలో చప్పుడైతే వెంట రావాలి కదా అన్న ఆలోచన అతనికి తట్టకపోలేదు. కానీ 'పిచ్చివాడి లెక్కలకు విలువెంత?' అని దాన్ని కొట్టిపారేశాడు. మర్నాడు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికెళ్లాడు.

"చప్పుడు ఎక్కడినుంచి వస్తోంది?" అని డాక్టరు అడిగాడు.

"నా తలలోంచే" అన్నాడు. యంత్రం మాటే ఎత్తలేదు. డాక్టరు మందు పెంచాడు.

బుధవారం మందు మత్తులో తూలుతూ పనికొచ్చాడు. కిర్రు కాస్తా గరగరగా మారింది. చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

గురువారం పొద్దున యంత్రం లోపలి బేరింగు విరిగింది. గిర్రున తిరుగుతున్న డ్రమ్ము ఒరిగి మూతను ఎగరగొట్టింది. మూతమీద చెయ్యి ఆనించి నిలబడ్డ మీసాలాయన కుడి మోచెయ్యి నుజ్జయింది. అరుపు విని కూడా నెమ్మదయ్య కదల్లేదు. అది నిజమైన అరుపో కాదో తేల్చుకోవడానికి అతనికి కొన్ని క్షణాలు పట్టింది.

నాలుగు రోజులకు వార్డుకెళ్లాడు. మీసాలాయన మంచంమీద, తాము ఉతికిన దుప్పటే కప్పుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని, తోటి పనివాళ్లకు ఎన్నడూ చెప్పని జబ్బు సంగతి చెప్పాడు నెమ్మదయ్య.

"సోమవారం నుంచీ వినపడుతూనే ఉంది. నా తలలోదే అనుకున్నాను. అందుకే నోరు విప్పలేదు."

మీసాలాయన తల అతనివైపు తిప్పాడు.

"నాకూ వినపడింది బావా. పాముచెవులవాడే ఊరుకున్నాడు, పెద్ద సంగతి కాదులే అనుకున్నాను." కట్టుకట్టిన చేతికేసి చూసుకుని, "అయితే నాకూ ఆ జబ్బున్నట్టేనా?" అని నవ్వబోయాడు. నొప్పికి మొహం ముడుచుకుంది.

నెమ్మదయ్య ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నన్నొక్క మాట అడగలేకపోయావా అన్నయ్యా?"

"అడిగితే నా మొహంలోకి ఒక చూపు చూస్తావు. అది నేను తట్టుకోలేను."

"చూడనన్నయ్యా!"

"ఇప్పుడూ చూస్తున్నావు" అన్నాడు. ఆమె తల దించుకుంది.

అసలు సంగతి తెలిశాక డాక్టరు మందు తగ్గించాడు. "నీ చెవులు సరిగ్గానే ఉన్నాయయ్యా" అన్నాడు. సూపర్‌వైజరు కూడా తిట్టలేదు. యంత్రానికి నూనె వేయించనిది తనే కనుక మెల్లగా, "జరిగిందేదో జరిగింది, నీ చోటుకు నువ్వు రా" అన్నాడు. నెమ్మదయ్య వినలేదు. చిరిగిన దుప్పట్లు కుట్టే వెనక గదికి మార్చమని బతిమాలుకున్నాడు.

మూడు నెలలకు మీసాలాయన వంగని చేత్తో తిరిగొచ్చాడు. అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. నెమ్మదయ్య మాత్రం మూటల బండి వెళ్లే పెరటి దారినే రాకపోకలు సాగించాడు.