నిజానికి గడి లేదు

గడ్డినేల ఏడో ముక్కలో నీలిపూల మొక్క ఒకటి తక్కువ వచ్చిందని ముక్కలక్క ముప్పావుగంట వెతికింది. నిరుడు పదకొండు, ఈ ఏడు పది. ఇక లాభం లేదని లేచి నడుం విరుచుకుంటే పదకొండోది దొరికింది. ఇంతసేపూ దాని మీదే కూర్చుంది. ఆకులు సర్ది, మట్టి దులిపి, కాగితంలో "ఉంది" అని రాసింది. రూలు ప్రకారం నలిగినా ఉన్నట్టే.

ముప్ఫై ఏళ్ల కిందట ఆ పెద్ద గడ్డినేల మధ్యగా రోడ్లు వేసి, గోడౌన్లు కట్టి, దాన్ని ఏడు ముక్కలు చేశారు. కర్ర చట్రం చంకన పెట్టుకెళ్లి, నేల మీద పరిచి, అందులో ఏ మొక్కలున్నాయో రాసుకురావడం ఆమె ఉద్యోగం. అందుకే ముక్కలక్క. ఆమె పైన సెక్షన్ ఆఫీసరు స్వయానా మరిది. ఇంట్లో అతను "వదినా, మంచినీళ్లు" అంటాడు, ఆఫీసులో ఆమె "సార్, సంతకం" అంటుంది. ఒకసారి నోరు జారి అందరి ముందూ "బుజ్జీ, సంతకం" అంది. ఆ తర్వాత నెల్లాళ్లు అతను ఇంట్లో కూడా సార్‌లాగే తిరిగాడు.

కాగితంలో ప్రతి మొక్కకీ రెండే గళ్లు: ఉంది, లేదు. కానీ ఏళ్ల తరబడి నేలకు మొహం ఆనించి చూసిన మనిషికి ఇంకోటి కూడా కనబడింది. ఉన్న నీలిపూల మొక్కలన్నీ ముసలివే. వేరు లోతుగా దిగిన జాతి కాబట్టి అలా నిలబడి ఉన్నాయి. పూస్తాయి కూడా. కానీ వాటికి పక్క ముక్కలోని పుప్పొడి కావాలి, తేనెటీగలేమో లారీల రోడ్డు దాటి రావు. కాయ చిదిమితే అంతా తాలు. ఆరో ముక్కకీ ఏడో ముక్కకీ మధ్య మాత్రం రెండు బారల వెడల్పు గడ్డిపట్టీ ఒకటి మిగిలింది, తేనెటీగలకు అదొక్కటే దారి. నాలుగేళ్లలో ఆమెకు కనబడిన ఒకే ఒక్క మొలక ఆ పట్టీలోదే. ఇప్పుడు దాని మీద సిమెంటు పోసి లారీలు నిలుపుకుంటామని గోడౌన్లవాళ్ల అర్జీ వచ్చింది.

ఆమె కాగితం అంచున రాసింది: "అన్నీ ముసలివి. పట్టీ పోతే ఇవీ పోతాయి."

"ఇదేంటండీ?" అన్నాడు సార్.

"నిజం సార్."

"నిజానికి గడి లేదండీ ఇందులో." ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. "మా పక్కింటాయనకి తొంభై. రేపు పోతాడని ఇవాళే లేడని రాస్తామా?"

సెక్షనంతా నవ్వింది. సార్ జోకు వేస్తే నవ్వడం కూడా వాళ్ల పనిలో భాగమే.

ఆదివారం భోజనాల దగ్గర వదిన హోదాలో ప్రయత్నించింది. "బుజ్జీ, ఆ పట్టీ ఒక్కటి వదిలెయ్యరా. ఇంకేం అడగను."

అతను తలెత్తేలోగా తోడికోడలు అందుకుంది. "ఇంట్లో ఎలాగూ మొలవలేదు, బయటన్నా మొలవాలని అక్కయ్యకి బెంగ."

అందరూ నవ్వారు. భర్త కూడా, కొంచెం ఆలస్యంగా. ఆమె కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

సిమెంటు పోశారు. మొలక కిందే ఉండిపోయింది. "ఏడు ముక్కల్లో ఒక్క జాతి కూడా పోలేదు" అని సార్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. ఆమె రాసిన "ఉంది"లన్నీ బైండు చేయించి మరీ దానికి జత చేశారు. పత్రం ఇచ్చే సభలో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. చప్పట్లు కూడా కొట్టింది, పాపం.

తర్వాత పదకొండు కాస్తా తొమ్మిదైంది, ఆరైంది, రెండైంది. గడిలో మాత్రం ఏటా "ఉంది". ఒక్కటే మిగిలిన ఏడాది కూడా "ఉంది". ఆ మరుసటేడు చట్రం ఎక్కడ పరిచినా గడ్డే. రెండు రోజులు మోకాళ్ల మీద పాకి వెతికి, ఉద్యోగంలో మొదటిసారిగా "లేదు" అని రాసింది.

సార్ కాగితం బల్ల మీద విసిరికొట్టాడు. "ఇన్నేళ్లూ ఉంది ఉంది అని రాసి, ఇప్పుడు లేదంటే పైవాళ్లకి నేనేం మొహం చూపించనండీ? నిరుడున్న మొక్క ఒక్క ఏడాదిలో ఎలా పోతుంది?"

"పోవడం ఎప్పుడో పోయింది సార్, కనబడకపోవడమే ఈ ఏడు."