వెనక సీటు మీది బొంత

జియావుల్లా కారు చప్పుడు చేయదు. దానితో వచ్చిన చిక్కే అది. జమ్మలమడుగు బజారులో మెల్లగా పోతుంటే మేకలు తప్పుకోవు, మనుషులు అసలే తప్పుకోరు. హారన్ కొట్టడం అతనికి మర్యాదగా తోచదు. అద్దం దించి, "రవ్వంత జరుగు తల్లీ" అని మేకను బతిమాలుకుంటాడు. వెనక కూర్చున్న నాకు ఒళ్ళు మండేది.

అది పాత హైబ్రిడ్ కారు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కొచ్చాడు. పెట్రోలుతో నడుస్తుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా లోపలి బ్యాటరీని నింపుకుని కొంత దూరం దాని మీదా నడుస్తుంది. "లీటరుకు ఇరవై రెండు ఇస్తాంది" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. దాన్ని కిరాయికి తిప్పేవాడు. అతని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి మీదే.

నేను బతికేదీ దాని మీదే. నా పేరు కాత్యాయని, బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మూత్రపిండాలు మొరాయించాక వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. అది అయ్యాక బస్సెక్కే ఓపిక ఉండదు, నడివేసవిలోనూ వణుకు పుడుతుంది. వేరే డ్రైవర్లు పెద్ద కిరాయి దొరికితే నన్ను ఎగ్గొట్టేవారు. జియావుల్లా ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు.

నా వణుకు సంగతి విని వాళ్ళమ్మ గులాబ్‌బీ పాత చీరలతో బొంత కుట్టి పంపింది. అతను దాన్ని వెనక సీటు నిండా పరిచి, అంచులు పక్కలకు దోపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏసీ ఆపి, అద్దాలన్నీ ఎత్తేసేవాడు. తను మాత్రం చెమటతో ముద్దయ్యేవాడు. ముందు సీటులో కూర్చుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. "డ్రైవరు పక్కన టీచరమ్మ కూచుంటే బాగుంటాదా?" అనేవాడు. మర్యాదంటే వెనక సీటే అతనికి.

ఈ వేసవిలో మైలేజీ పదిహేనుకు పడిపోయింది. తర్వాత ఒకరోజు దారిలోనే ఎర్ర లైటు వెలిగింది.

"బ్యాటరీ పోయినట్టుండాదమ్మా. కొత్తది ఏపిచ్చే శక్తి నాకు లేదు. అమ్మేస్తా," అన్నాడు తల దించుకుని. ఆ బండి లేకపోతే నేను ప్రొద్దుటూరు చేరేదెట్లా?

అమ్మేముందు ఒకసారి చూపించమని పోరు పెట్టాను. డయాలసిస్ అయ్యాక ఇద్దరం ప్రొద్దుటూరులో మెకానిక్ గఫూర్ షెడ్డుకు వెళ్ళాం. గఫూర్ బొంత ఎత్తి, సీటు పక్కనున్న జల్లెడలాంటి మూత ఊడదీశాడు. లోపలినుంచి పిడికెడు నూలుపీచు వచ్చింది.

"ఏంది జియా ఇది? బ్యాటరీ గాలి పీల్చేది ఈడినుంచే. దాని ముక్కు మూసి, పరిగెత్తమంటే యాడ పరిగెత్తుతాది?" అని నవ్వాడు. శుభ్రం చేసి చూసి, బ్యాటరీ ఇంకా పోలేదన్నాడు. "ఇంకో మాట. ఈ ఎండలకు లోపల చల్లగా ఉండల్ల. ఏసీ ఆపినావంటే ఈసారి నిజంగానే పోతాది."

జియావుల్లా నన్నొకసారి చూశాడు. "పోయేటప్పుడు ఏస్తా. వచ్చేటప్పుడు టీచరమ్మకు చలి. పోతే పోనీలే బండి," అన్నాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. "బండి పోతే నీ ఇల్లెట్లా గడుస్తాదప్పా? నేను యాడికి పోవల్ల?" అని బొంత లాక్కుని, వెళ్ళి ముందు సీటులో కూర్చున్నాను. ఒంటికి చుట్టుకుని, నా వైపు ఏసీ గాలి వచ్చే తూములు మూసేశాను. "ఏసీ ఎయ్. నలుగురూ ఏమన్నా అనుకోనీ."

అతను చేతులు నలుపుకుంటూ ఎక్కాడు. బజారు రద్దీలో మెల్లగా పోతుంటే కారు పెట్రోలు మాని బ్యాటరీ మీద నడవసాగింది. ఇన్నాళ్ళూ నా ప్రాణం బండి మీద ఉందనుకున్నాను. నాకు చలి వేయకూడదని, బతుకుతెరువే పోయినా సరేననుకున్న ఈ మనిషి మీద ఉందని ఆ పూట తెలిసింది. నాకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. ఆ లోటు ఆ దారిలో గుర్తుకు రాలేదు.

మూసినా సందుల్లోంచి గాలి వస్తూనే ఉంది. అతను ఏసీ మీట మీద చెయ్యి వేసి, "చలి పెడతాందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు నాయనా," అన్నాను, పళ్ళు బిగబట్టి.