రెండు మేతల నడుమ హైదరాబాదు

మొన్న మా అమ్మాయి ఏదో పనిమీద హైదరాబాదు వెళ్లాల్సివచ్చి, ఫోనులో చూసి, బెంగళూరు నుంచి విమానంలో గంట పైన కొద్ది నిమిషాలేనమ్మా అంది. రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో కూడా చెప్పింది గానీ అది నా చెవికెక్కలేదు, ఎందుకంటే మా అత్తగారి లెక్కలో అది ఎన్ని మేతల దూరమో అన్నదే నాకు ముందు గుర్తుకొచ్చింది.

మాది సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులు కుబుసం విడిచే చివరి నిద్ర లేచాక గూడు కట్టేదాకా మల్బరీ ఆకు నములుతూనే ఉంటాయి, మేత తప్పిందా పంట పోయినట్టే. అందుకని అత్తగారికి ఏ ఊరి దూరమైనా మేతల్లోనే తెలిసేది. శిడ్లఘట్ట రెండు మేతల నడుమ పోయి రాదగ్గ ఊరు, బెంగళూరంటే ఒక మేత తప్పుతుంది, బాగేపల్లి మీదుగా రాత్రి బస్సు పట్టుకుని పోవాల్సిన హైదరాబాదు మాత్రం ఆ లెక్కకే అందేది కాదు. ఆమె ఒక్కగానొక్క అక్క ఉండేది అక్కడే. ఈ పంట దిగనీ, పోయి చూసొస్తానంటూనే ఆమె ఏళ్లు గడిపేసింది.

దేవనహళ్లిలో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, ఆ పెద్దత్త తుంటి విరిగి మంచాన పడిందనీ, చెల్లెల్నే కలవరిస్తోందనీ కబురొచ్చింది. చూడబోతే మా పురుగులు చివరి మేతల్లో ఉన్నాయి. చింతామణి బళ్లో టీచరుగా ఉన్న నేను ఇంట్లో ఎవరినీ అడక్కుండా నా జీతంతో రెండు టికెట్లు కొనేశాను. విమానం గంటే అనగానే అత్తగారి మొహం వెలిగిపోయింది.

“గంటే అయితే మధ్యాన్నం మేతకంతా వచ్చేస్తాము గదమ్మా?”

ఆ గంట గాల్లో ఉండేదేననీ, దేవనహళ్లికి పోవడం, అక్కడ కాచుకోవడం, దిగాక ఊళ్లోకి చేరడం అంతా వేరే లెక్కనీ, ఎంత తొందరపడినా రాత్రి మేతకు తప్ప అందలేమనీ చెప్పేసరికి ఆమె డీలాపడిపోయింది. ఆకు మోపులు తెచ్చి గడప దగ్గర దించడమే తప్ప ఏనాడూ మేత వేసి ఎరుగని మా మామగారు, నేను వేస్తాను పొమ్మన్నారు. ఆయన్ని నమ్మి ఆమె గడప దాటడం విమానం ఎక్కడం కన్నా పెద్ద సాహసమని నేను ఇప్పటికీ అంటాను.

తెల్లవారుజాము మేత వేసి, చీర మార్చుకుని, చేతులు సరిగా కడుక్కోకుండానే బయల్దేరింది. విమానంలో కిటికీ పక్కనే కూర్చోబెట్టినా మబ్బులు చూడలేదు, కళ్లు మూసుకుని ఆకు గురించే బెంగపడుతూ కూర్చుంది. పెద్దత్త మాత్రం మంచం మీద నుంచి చెల్లెల్ని చూసి నమ్మలేకపోయింది, ఎప్పుడు బయల్దేరావని అడిగింది.

“ఈ పొద్దు మేత ఏసే వచ్చినా అక్కా.”

పురుగుల ఇంట్లోనే పుట్టి పెరిగిన పెద్దత్త, చెల్లెలి చేతులు రెండూ లాక్కుని మొహానికి ఆనించుకుంది. ఆకు వాసన ఇంకా పోలేదు. ఆ చేతుల్లో మొహం దాచుకుని ఆమె ఏడుస్తుంటే నాకూ కళ్లు నిండాయి గానీ, ఆ వాసన పోకముందే ఇద్దర్నీ కలిపానని కలిగినంత గర్వం ఉద్యోగం వచ్చిన రోజున కూడా నాకు కలగలేదు.

రాత్రి మేతకు ఇల్లు చేరాం. మామగారు ఆకు కాస్త మందంగానే పరిచారు, పురుగులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అత్తగారు ఆయన్ని ఒక్క మాటా అనకపోగా, ఆ గూళ్లు మార్కెట్టుకు వెళ్లేదాకా కనిపించినవాళ్లందరికీ మా ఇంటాయనే మేత వేశాడని చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పురుగులు లేవు. ఎప్పుడంటే అప్పుడు బయల్దేరవచ్చు, మేత వేళకు తిరిగి రావాలన్న తొందరా లేదు. విమానానికి ఈనాటికీ ఆ గంటే పడుతుంది గానీ, దిగాక నా చేతులు పట్టుకుని మా ఇంటి ఆకు వాసన వెతుక్కునే పెద్దత్తే ఇప్పుడు లేదు.