కారులోకి వచ్చిన రోడ్డు

గోరంతను కొండంత చేసి చెప్పడం నాకు అలవాటని ముందే ఒప్పుకుంటున్నా. మా పాత ఎస్‌యూవీ తుప్పు గురించి కంపెనీవాళ్లకు చెప్పీ చెప్పీ నా నాలుక కూడా తుప్పు పట్టింది. "బండికి వయసైపోయింది సార్" అనేవాళ్లు.

నిరుడు మా అమ్మాయికి పురిటి నొప్పులొస్తే గురజాల నుంచి నరసరావుపేట ఆసుపత్రికి అందులోనే బయల్దేరాం. పిడుగురాళ్ల దాటగానే, వెనక కూర్చున్న మా అత్తమ్మ కాళ్ల కింద రేకు ఊడి పడిపోయింది. మంచమంత చిల్లు!

"ఓరి దేవుడో, రోడ్డు లోపలికొచ్చింది!" అని అత్తమ్మ కేక పెట్టింది. నేను బ్రేకు తొక్కబోయా.

"ఆపమాకయ్యా, పిల్ల ఓర్చుకోలేదు, పోనీ!" అంది.

డెబ్బై దాటిన మనిషి సీటు మీద బాసింపట్టేసి, మనవరాలి తల ఒళ్లో పెట్టుకుంది. కింద తారురోడ్డు ఏరులా పారుతున్నా ఆసుపత్రి దాకా చూపు పిల్ల మీదే. అద్దంలో ఆమెను చూసి మనసులోనే దణ్ణం పెట్టుకున్నా. తల్లీబిడ్డా క్షేమం.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ కేక అత్తమ్మది కాదు, నాది.